హిరణ్యకశిపుడు ఎవరు?

ప్రహ్లాద చరిత్ర తెలియనివాళ్లెవరు? నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వాళ్లకైతే అది పక్క కొండమీద జరిగిన కథ. అహోబిలం వెళితే ఉగ్రస్తంభం చూపిస్తారు, స్వామి చేతులు కడుక్కున్న రక్తకుండం చూపిస్తారు.

పోతన భాగవతంలో సప్తమ స్కంధం పారాయణ చేసేటప్పుడు నాదొక నియమం. ఏ పాత్రనూ బయట వెతకను. హిరణ్యకశిపుడు కోరిన వరాలు చూడండి. మనిషి వల్ల గానీ మృగం వల్ల గానీ, పగలు గానీ రాత్రి గానీ, ఇంట్లో గానీ బయట గానీ చావు రాకూడదు. 'నా వయసేమిటి, చదువేమిటి, నాకు చెప్పేవాడెవడు?' అంటూ మనమూ ఇలాంటి వరాలే రాసుకుంటాం. ఎన్ని రాసుకున్నా ఒక గడప, ఒక సంధ్యవేళ మిగిలిపోతాయి. పైగా ఈ రాక్షసుడు ఒకప్పుడు వైకుంఠం వాకిట కాపలావాడు. మన అహంకారమూ కాపలాకు వచ్చి యజమానై కూర్చున్నదే.

నన్ను ఎక్కువగా ఆపేది మాత్రం సంహారం తర్వాతి ఘట్టం. శత్రువు చచ్చినా స్వామి కోపం చల్లారలేదు. బ్రహ్మాదులు దూరం నుంచే స్తుతించారు. లక్ష్మీదేవి కూడా దగ్గరికి పోవడానికి జంకింది. పసివాడు వెళ్లి కాళ్లమీద పడితేనే శాంతించాడు. దీక్షలు, ఉపవాసాలు పట్టినవాళ్లలో ఈ రెండో మంట చూస్తుంటాం. నాలుక అదుపులోకి వస్తుంది, ఇంట్లోవాళ్ల మీద చిటపటలు మొదలవుతాయి. చెడును గెలిచిన కోపం కూడా చల్లారాలి. అహోబిలం దాన్ని దాచలేదు. ఎగువన జ్వాలా నరసింహుడు, లక్ష్మితో కూడిన మాలోలుడు, దిగువన ప్రహ్లాదుడికి యోగం నేర్పాడనే యోగానందుడు, ప్రహ్లాదవరదుడు. అన్నీ ఒకే స్వామి రూపాలు.

'అయితే కథ జరగలేదంటారా?' అని కొందరు నిలదీస్తారు. నేనలా అనను. చెంచులకు నరసింహుడు ఇంటి అల్లుడు. సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేటలో ఆయన పల్లకీలో ఊరూరా తిరుగుతాడు. ఆ చుట్టరికాన్ని ఉత్త ప్రతీక అని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. నేను చెప్పుకునే అర్థం నన్ను దిద్దుకోవడానికే, ఇంకొకరి నమ్మకాన్ని తూచడానికి కాదు.

ఈసారి ఈ కథ చదువుతుంటే హిరణ్యకశిపుడి దగ్గర మీ పై అధికారో, పాలివాడో గుర్తొస్తే, ఆ ఘట్టం మళ్లీ మొదటినుంచి చదవండి. ఈమాటు ఆ చోట మీ పేరు పెట్టుకుని చదవండి.