చాకుకు మెరుపెందుకు?

సినిమావాళ్ల పుణ్యమా అని రాయలసీమ కత్తి అంటే లోకానికి ఒకటే బొమ్మ. మా రైతు జేబులో నిజంగా ఉండేది వేలెడు మడత చాకు. గట్టు మీద కూర్చుని సంగటిలోకి ఎర్రగడ్డ కోసుకోవడానికి, వేపపుల్ల చెక్కడానికి, గోతాం మూతి దారం తెంపడానికి, జీవాల గిట్టలు సవరించడానికి అదే. కల్లూరులో మా ఇంట్లో అట్లాంటివి డబ్బా నిండా ఉన్నాయి. కొన్ని పాత ఇనుప సామాన్లలో ఏరుకొచ్చినవి, కొన్ని "నీకు పిచ్చి గదా, తీసుకో" అని చుట్టాలిచ్చినవి. ఆదివారం మధ్యాహ్నం ఒకదాన్ని ముందేసుకుని కూర్చుంటే చీకటి పడేదాకా ఫోను గుర్తు రాదు.

పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "ఏంది సారూ, ఇన్ని కత్తులు? పోలీసోళ్లు చూస్తే ఏమంటారు?" అంటాడు. మూడంగుళాల అలుగు చూసి ఏమంటారు, నిమ్మకాయలు కోస్తున్నాననుకుంటారు.

డబ్బాలో అన్నిటికన్నా మొండిది వరద చూసిన చాకు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి రెండూ ఒక్కసారిగా కర్నూలు మీద పడ్డాయి. నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలింది బురదే. మా మేనమామ ట్రంకుపెట్టె అడుగున దొరికిందీ చాకు, అలుగు పిడిలోనే బిగుసుకుపోయి. ఇట్లాంటిదాన్ని బలవంతంగా లాగితే గోటిగాడి దగ్గర అంచు విరుగుతుంది. ఇరుసు మీద కిరసనాయిలు చుక్కలు వేసి వదిలెయ్యాలి, మర్నాడు మళ్లీ వెయ్యాలి. ఒకరోజు అదే కదులుతుంది. తెరుచుకున్నాక లోపలి గాడిలో వెదురుపుల్ల పెట్టి గీకితే ముందు ఏటి ఒండ్రు వచ్చింది. దాని కింద పత్తి పీచు. ఆ కింద నల్లగా గట్టిపడిన వక్కపొడి. వరద పైపొర మాత్రమే, మిగతాదంతా మామ బతుకు.

ఇక తుప్పు. ఎర్రతుప్పు గుల్లగా ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది, ఇనుమును లోపలికి తినుకుంటూ పోతుంది. దాన్ని తియ్యాల్సిందే. కానీ ఏళ్ల తరబడి మామిడికాయ, ఎర్రగడ్డ రసం తగిలి అలుగు మీద ఏర్పడిన నల్లటి, బూడిదరంగు పొర వేరు. అది ఇనుమును అంటిపెట్టుకుని ఎర్రతుప్పును కొంత అడ్డుకుంటుంది. రెండూ ఒకటేననుకుని ఎమరీ కాయితంతో తెల్లగా తోమేవాళ్లే ఎక్కువ. వారం తిరక్కముందే ఆ తెల్లటి అలుగు మీద ఎర్రచుక్కలు లేస్తాయి.

ఎర్రతుప్పు ఒక్కటే పోవాలంటే నా దగ్గరున్న పనిముట్టు, యుద్ధకాలంలో 1943 నుంచి కొట్టిన చిల్లు పైసా. కంచుది, ఉక్కుకన్నా మెత్తన. నూనె వేసి దాని అంచుతో గీకితే తుప్పు పొట్టులా లేస్తుంది, అలుగు మీద గీత పడదు. దేనికీ కొరగాదని తిట్టుకు వాడే పైసా ఇక్కడ పనికొచ్చింది.

పిడి మొదట్లో ఇత్తడి పట్టీ ఉంటే చింతపండు చాలు. ఆ పులుపు ఇరుసులోకి దిగకుండా చూసుకోండి, అంతే.

మెరుపు పిచ్చికి బలయ్యేది ముద్ర. అలుగు మొదట్లో సన్నగా కొట్టిన అక్షరాలు, గుర్తులు చెరిగిపోతే చాకు ఊరూ పేరూ పోయినట్టే. ఇంగ్లండులోని షెఫీల్డులో చాకులు చేసిన జోసెఫ్ రోజర్స్ వాళ్ల నక్షత్రం, శిలువ గుర్తు 1682 నాటిది. నా దగ్గరున్న ఒకదాని మీద ఆ నక్షత్రం సగమే మిగిలింది, నాకంటే ముందు ఎవరో శ్రద్ధగా తోమారు. షెఫీల్డు అనగానే కళ్లు పెద్దవి చేసేవాళ్లకు ఒక మాట. నేటి నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవాళ్లని 1820ల్లో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాశాడు. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టొడార్ట్, మైకేల్ ఫెరడేతో కలిసి మన ఉక్కు గుట్టు తెలుసుకోవాలని తంటాలు పడ్డాడు.

మా ఎండల్లో అలుగుకంటే పిడికే ముప్పు. వేసవిలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెక్కపిడి కుంచించుకుపోయి రివిట్లు లొటలొటలాడతాయి, కొమ్ముపిడి నెర్రెలిస్తుంది. పిడికి ఆముదం పలచగా రాయండి. ఇరుసుకు మాత్రం కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. శెనక్కాయ నూనె వద్దు, జిగురు కట్టి దుమ్మును పట్టేస్తుంది. ఆయుధపూజలో పెట్టిన పసుపు కుంకుమలు మర్నాడే తుడిచెయ్యండి, తడి ఆ పొడిని పట్టుకుని ఉంటుంది. దేవుడేమీ అనుకోడు.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. పాత చాకును తిరుగుడు సానకు ఇవ్వొద్దు. ఆ వేడికి అంచు నీలంగా మారిందంటే ఉక్కులో గట్టిదనం పోయినట్టే, ఇక ఎంత నూరినా పదును నిలవదు. సానరాయి మీద నీళ్లు చల్లి చేత్తోనే నూరుకోండి. మెరవకపోయినా ఫర్వాలేదు, ఎర్రగడ్డ తెగితే చాలు.