బబ్లర్‌లో మంచు

మినసోటాలో జనవరి రాత్రులు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగడం కొత్తేమీ కాదు. అలాంటి చోట పాత పికప్ బానెట్ కింద, నీటిని కరెంటుతో విడగొట్టి ఆ వాయువును ఇంజన్‌కు పంపే హెచ్‌హెచ్‌ఓ కిట్ బిగించుకున్నవాళ్లు, నీటిని విడగొట్టే సెల్ గడ్డకట్టకుండా ఏం కలపాలని నవంబరు నుంచే అడుగుతుంటారు. నాకు సెల్ గురించి అంత బెంగ లేదు. బెంగంతా పక్కనుండే బబ్లర్ గురించే.

సెల్‌లో ఉండేది ఉత్త నీళ్లు కావు. కరెంటు పారడానికి డిస్టిల్డ్ వాటర్‌లో పొటాషియం హైడ్రాక్సైడ్ కలుపుతాం. చలి నుంచి కాపాడేదీ ఆ క్షారమే. బరువులో 30 శాతం ఉంటే మైనస్ 40లోనూ గడ్డకట్టదు. 10 శాతమే ఉంటే మైనస్ 10 దగ్గరే మంచు మొదలవుతుంది. అలాగని ఎడాపెడా పెంచకూడదు. పొద్దున్నే చల్లగా ఉన్న ద్రావణంలో అమ్మీటర్ తక్కువే చూపిస్తుంది. అది చూసి ఇంకాస్త క్షారం వేస్తే, ఇంజన్ వేడెక్కాక ఆంపియర్లు ఎగబాకి ఫ్యూజు పోతుంది. కరెంటును అదుపు చేసే కంట్రోలర్ ఉంటేనే ఆ పని చెయ్యాలి. అదీ కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని, నీళ్లలోకి క్షారాన్ని కొంచెం కొంచెంగా వేస్తూ. క్షారం మీద నీళ్లు పోయకూడదు. రేడియేటర్ కూలెంట్ అసలే వద్దు, నురగెత్తుతుంది. ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది.

బబ్లర్ సంగతి వేరు. సెల్ నుంచి వచ్చే వాయువు ఈ డబ్బాలోని నీళ్ల గుండా బుడగలుగా ఇంజన్‌కు వెళ్తుంది. ఇంజన్ వైపు నుంచి మంట వెనక్కి తన్నితే సెల్ దాకా రాకుండా ఆపేది అందులోని నీళ్లే. అవి మామూలు నీళ్లు కాబట్టి సున్నా దగ్గరే గడ్డకడతాయి, 9 శాతం దాకా ఉబ్బుతాయి, ప్లాస్టిక్ డబ్బా పగులుతుంది. పగలకపోతే ఇంకా ప్రమాదం. దారి మూసుకుపోయి, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన వాయువు సెల్‌లోనే ఒత్తిడి పెంచుకుంటూ పోతుంది. గొట్టం కిందికి వేలాడిన చోట తేమ చేరి గడ్డకట్టినా అంతే. ఆల్కహాల్ పోయమనే సలహాను నేను ఒప్పుకోను. మండే వాయువుకు మండే ఆవిరిని జతచేసినట్టవుతుంది.

ఈ కిట్‌తో మైలేజీ పెరుగుతుందనీ నేను నమ్మను. నీటిని విడగొట్టడానికి ఆల్టర్నేటర్ ఇంజన్ నుంచి లాక్కునే శక్తి, ఆ వాయువు మండి తిరిగిచ్చేదాని కన్నా ఎక్కువ. అయినా చిన్నప్పుడు పాఠంలో చదివిన విద్యుద్విశ్లేషణ నా చేతుల్లో జరగడం నాకిష్టం. అందుకే దాన్ని జాగ్రత్తగా చూసుకుంటాను.

రాత్రి బబ్లర్ విప్పి ఇంట్లోకి తెచ్చుకుంటాను. పొద్దున హీటర్ గొట్టం పక్కన బిగించి, గోరువెచ్చని నీళ్లు పోసి, చేతి పంపుతో మెల్లగా గాలి కొడతాను. బుడగలు రాకపోతే ఆ పూట కిట్ స్విచ్ వెయ్యను. బండి పెట్రోలుతోనే నడుస్తుంది.