చేతులు తొడగని పట్టు అంగీ

తుర్క్‌మెనిస్తాన్‌లో టెకె తెగ స్త్రీలు ఒకప్పుడు బయటికి వెళ్లేటప్పుడు చిర్పి అనే పట్టు అంగీ వేసుకునేవారు. వేసుకోవడమంటే తొడుక్కోవడం కాదు, తల మీద కప్పుకోవడం. పెళ్లయిన స్త్రీలు పెట్టుకునే ఎత్తైన శిరోవస్త్రం మీద దాని మెడభాగాన్ని ఆనించి, మిగతాదంతా వీపు మీదికి వదిలేసేవారు. అంగీకి రెండు పొడవాటి చేతులుంటాయి. కానీ వాటిలో ఎవరూ చేయి దూర్చరు, దూర్చడానికి పట్టవు కూడా. సన్నగా వెనక్కి వేలాడే ఆ రెంటినీ కొసల దగ్గర కలిపి కట్టేస్తారు. తొడగడానికి పనికిరాని ఆ చేతుల మీద కూడా అంగీకి ఏమాత్రం తగ్గకుండా పువ్వులు కుట్టారు. ఈ వస్త్రంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది అదే.

చిర్పి రంగు చూస్తే దాన్ని కప్పుకున్నావిడ వయసు తెలిసిపోయేది. ముదురు నీలం, నలుపు, ఆకుపచ్చ పడుచువాళ్లవి. నడివయసు ఇల్లాలిది పసుపు. తెల్లది పెద్దవయసు స్త్రీలకు, మనవలను ఎత్తిన అవ్వలకు దక్కే గౌరవం. వయసు మీద పడితే రంగులు మానుకోవాలనే పట్టింపు ఇక్కడ కనిపించదు. తెల్లటి పట్టు మీద ఎరుపు, పసుపు, పచ్చ దారాలు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

లోపల వేసుకునే పొడవాటి గౌను కెతెని అనే పట్టుతో కుడతారు. చేమగ్గం మీద సన్న పన్నాగా నేసే గుడ్డ అది. ఎక్కువగా ఎరుపు, అంచుల్లో పసుపు చారలు. పన్నా తక్కువ కాబట్టి పట్టీలు పట్టీలుగా కలిపి, గుడ్డ వృథా కాకుండా తిన్నగా కత్తిరిస్తారు. ఎడారి దేశంలో పట్టు ఎక్కడిదని అనుమానం రావచ్చు. కరకుమ్ ఎడారి అంచునున్న ఒయాసిస్సుల్లో మల్బరీ చెట్లు పెరుగుతాయి. పట్టుపురుగుల పెంపకంలో చాలా భాగం ఇంటి ఆడవాళ్ల చేతి మీదే నడిచింది.

ఇక కుట్టు. ముందు గుడ్డ మీద సబ్బు ముక్కతోనో రంగు పెన్సిలుతోనో నమూనా గీస్తారు. వేలికి తొడుగు పెట్టుకుని, పురి పెట్టిన పట్టుదారంతో సూదిపని మొదలుపెడతారు. వీళ్ల కుట్లలో పేరున్నది కొజ్మె. గొలుసుకుట్టు జాతిదే, కానీ ప్రతి కుట్టూ ముందు కుట్టులోంచి మెలిపడి లేస్తుంది కాబట్టి పైన బిగుతుగా అల్లిన జడలా కనిపిస్తుంది. ఆ వరసలను ఒకదాన్నొకటి ఆనుకునేలా పరుచుకుంటూ పోతే అడుగునున్న గుడ్డ కనిపించదు. మంచి చిర్పి చేతికి బరువుగా తగలడానికి కారణం ఇదే. లోపలివైపు ముడులు, దారపు కొసలు కనబడకుండా అచ్చుపువ్వుల నూలుగుడ్డ అస్తరుగా వేస్తారు. పాత చిర్పిల్లో ఆ గుడ్డ చాలావరకు రష్యా మిల్లులది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న చిర్పిల ముందు నిలబడేవాళ్లు ఆ అస్తరును కూడా చూడాలని నా కోరిక. బయట ఇల్లాలి చేతిపని, లోపల దూరదేశపు బజారు.

నమూనాల్లో మాటిమాటికీ వచ్చేది తులిప్ పువ్వు. వసంతంలో కోపెత్‌దాగ్ కొండల వాలున అడవి తులిప్‌లు పూస్తాయి. కొద్దిరోజులే ఉంటాయి. కుట్టుపని ఎక్కడ పెట్టాలో కూడా ఒక లెక్క ఉంది. మెడ, చేతుల చివర, గౌను కిందికి తొంగిచూసే బలక్ అనే పైజామా కాలి అంచులు, ఇలా బట్ట తెరుచుకునే చోట్లన్నీ కుట్టుతో నింపుతారు. దిష్టి లోపలికి దూరేది అక్కడినుంచేనని నమ్మకం.

ఈ పని తల్లి దగ్గర కూతురు కూర్చుని నేర్చుకున్నది. పుస్తకం లేదు, చూసి చేయడమే. తుర్క్‌మెన్ కుట్టుపనిని 2022లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. మరికొన్ని దేశాలతో కలిసి తుర్క్‌మెనిస్తాన్ ప్రతిపాదించిన పట్టుపురుగుల పెంపకం, సంప్రదాయ పట్టు తయారీ కూడా అదే ఏడాది ఆ జాబితాకెక్కాయి. చిర్పి ఇప్పుడు పెళ్లిళ్లలోనో ప్రదర్శనల్లోనో తప్ప కనిపించదు. దాన్ని బతికించడానికి జాబితా ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను. కానీ కుట్టుపని ఉన్న గౌను మెడపట్టీ, అంటే యకా, రోజువారీ బట్టల్లోనే ఉంది. ఇప్పటికీ బడికెళ్లే అమ్మాయిలు ఆకుపచ్చ గౌను, విశ్వవిద్యాలయం అమ్మాయిలు ఎర్ర గౌను వేసుకుని, తలకు కుట్టుపని ఉన్న తఖ్యా టోపీ పెట్టుకుని చదువుకోవడానికి వెళ్తారు. యకాల్లో చాలా వాటిని యంత్రాలే కుడుతున్నాయి. చేత్తో కుట్టినదానికి ధర ఎక్కువ, కుట్టడానికి నెలలు పడుతుంది. అయినా పెళ్లికూతురికి కుట్టించే యకా దగ్గరికొచ్చేసరికి చాలా కుటుంబాలు ఆ ధరకు వెనుకాడవు.