పోపు అధికారానికి హద్దు ఏది?

కతోలికులకు పోపు ఏది చెబితే అదే దైవశాసనమన్న మాట మన ప్రసంగాలలోను, కరపత్రాలలోను తరచు వినిపిస్తుంది. తౌబా సూరా 31వ ఆయత్‌ను, తిర్మిజీలోని హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ఉల్లేఖనాన్ని ఆధారంగా చూపుతారు. మతపెద్దలు హలాల్ అన్నదాన్ని హలాల్‌గా, హరామ్ అన్నదాన్ని హరామ్‌గా స్వీకరించడమే వారిని ప్రభువులుగా చేసుకోవడమని దాని సారాంశం. ఆ హెచ్చరిక సత్యం. కాని ఎదుటివారి సిద్ధాంతమేమిటో తెలుసుకోకుండా దాన్ని ప్రయోగించడం న్యాయం కాదు.

మొదటి సంగతి, క్రైస్తవులందరూ పోపును అంగీకరించరు. బొంతపల్లి, పటాన్‌చెరువు వైపు వారికి సుపరిచితమైన మెదక్ చర్చి సి.ఎస్.ఐ. సంఘానిది, అది పోపు అధికారం కిందిది కాదు. 2022లో కార్డినల్ అయి, 2025లో పోపు ఎన్నికలో ఓటు వేసిన హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు కతోలికులు.

రెండవది, 1870 నాటి వాటికన్ సభ పోపు ప్రతి మాటా పొరపాటులేనిదని అనలేదు. విశ్వాస, నైతిక విషయాలలో, సంఘమంతటికీ, పీఠాధికారంతో చేసే నిర్ణయానికే ఆ గుణం చెప్పింది. కనుక దీన్ని 'ఇస్మత్' అని అనువదించరాదు. పోపు పాపం చేయడని వారు అనరు. బోధనాధికారం దైవవాక్కుకు సేవకురాలే గాని యజమాని కాదని 1965లో రెండవ వాటికన్ సభ చెప్పింది. ఉపవాసాల వంటి సంఘ నియమాలను పోపు మార్చగలడు. 1966లో ఆరవ పాల్ సడలించారు కూడా. కాని సక్రమంగా జరిగి, దాంపత్యంతో పూర్ణమైన క్రైస్తవ వివాహాన్ని రద్దు చేసే అధికారం పోపుకు లేదని 2000లో రెండవ జాన్ పాల్ స్పష్టం చేశారు.

మరి విమర్శకు చోటు లేదా? ఉంది. ఏది దైవశాసనం, ఏది సంఘ నియమం అని తేల్చేదెవరు? అన్న వితంతువును పెండ్లాడడానికి ఇంగ్లండు ఎనిమిదవ హెన్రీకి 1503లో రెండవ జూలియస్ పోపు అనుమతి ఇచ్చాడు. ఆ నిషేధం దైవశాసనమనీ, పోపు దాన్ని సడలించలేడనీ తర్వాత హెన్రీయే వాదించాడు. 1534లో ఏడవ క్లెమెంట్ పోపు ఆ వివాహం సక్రమమేనని తీర్పు చెప్పాడు. హెన్రీ ఉద్దేశం ఏదైనా, అతని ప్రశ్న నిలిచింది: హద్దు ఉన్నది నిజమే, ఆ హద్దు గీసేదీ పోపు పీఠమే.

మన దగ్గర అలాంటి పీఠం లేదు. ఇజ్తిహాద్‌లో పొరపడిన న్యాయమూర్తికి సైతం ఒక పుణ్యం ఉందన్న హదీసులోనే పొరపాటుకు అవకాశం ఒప్పుకోబడింది. అయితే తమ ముఫ్తీ ఫత్వాను ప్రశ్నించడమే పాపమనుకునేవారు మనలో లేరా? ఆ ఆయత్‌ను ఇతరులకు వినిపించే ముందు మనం వినవలసి ఉంది.