ఆపరేషనైన మోకాలికి కాలువ గట్టు

లిగమెంటు తెగి ఆపరేషనైన మోకాలితో మళ్లీ 200 కిలోమీటర్లు సైకిలు తొక్కడాన్ని చాలామంది మొండితనం అనుకుంటారు. నేను దాన్ని విద్య అంటాను. ఆ విద్య తెలిసినవాళ్ల పనితనం రాజమండ్రిలోనూ, కాలువల వెంట ఉన్న ఊళ్లలోనూ దగ్గరుండి చూసి చెబుతున్న మాట ఇది. సర్జన్ పని గంటా రెండు గంటల్లో ముగుస్తుంది. ఆ తర్వాతి నెలలన్నీ ఇద్దరివి: ఫిజియోథెరపిస్టుదీ, సైకిల్ మెకానిక్కుదీ. పేపర్లలో సర్జన్ ఫొటో పడుతుంది, ఈ ఇద్దరినీ ఎవరూ తలవరు. అందుకే ఈ వ్యాసం.

దూరాలు తొక్కేవాళ్లకి ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత బ్రెవెట్. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. ఒక్క సీజన్‌లో నాలుగూ పూర్తి చేసినవాళ్లని సూపర్ రాండనీర్ అంటారు. దీని మూలం 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి మళ్లీ పారిస్ చేరిన 1200 కిలోమీటర్ల పందెం అని చెప్పుకుంటారు. షార్ల్ టెరాన్ ఆనాటి బరువైన బండి మీద 71 గంటల చిల్లరలో తిరిగొచ్చాడు! ఇప్పటి బ్రెవెట్‌లో మొదటివాడూ చివరివాడూ అనే లెక్క లేదు, గడువులోపల చేరినవాళ్లందరూ సమానమే. ఆపరేషన్ నుంచి లేచినవాళ్లకి పందేల కంటే ఇదే మేలని నా గట్టి పక్షం. పక్కవాడిని చూసి గేరు బిగించే జబ్బు ఇక్కడ తక్కువ.

మోకాలితో ఓడి, మోకాలితోనే గెలిచినవాడు కావాలంటే బెర్నార్ హినో ఉన్నాడు. 1980 టూర్ ద ఫ్రాన్స్‌లో పసుపు జెర్సీ ఒంటిమీద ఉండగానే మోకాలి నొప్పితో పందెం వదిలేశాడు. 1983లో ఆపరేషన్ చేయించుకున్నాడు. 1984లో రెండో స్థానం, 1985లో ఐదోసారి విజయం. ఆయన బాధ స్నాయువుది, లిగమెంటుది కాదు. అయినా ఆపరేషన్ చేయించుకున్న మోకాలికి రెండేళ్లు ఇచ్చిన ఆ ఓపిక ముందు ఎవరైనా తల వంచాల్సిందే. మనవాళ్లూ తక్కువవాళ్లు కారు. అమెరికాను ఆ కొస నుంచి ఈ కొసకి దాటే రేస్ అక్రాస్ అమెరికాను 2017లో ఒంటరిగా పూర్తి చేసిన తొలి భారతీయులు శ్రీనివాస్ గోకుల్‌నాథ్, అమిత్ సమర్థ్. ఇద్దరూ వైద్యులే.

ఇక అసలు పని సంగతి. మన వైపు ఈ లిగమెంటు ఎక్కువగా కబడ్డీలోనో, బైకు జారినప్పుడో తెగుతుంది. కింది కాలి ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచే తాడు అది. తెగిన చోట తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో తీసిన స్నాయువును వేస్తారు. వేసిన రోజున అది గట్టిగానే ఉంటుంది. తర్వాత దానికి మెల్లగా రక్తం పట్టి, లోపల కొత్త కణాలు చేరే క్రమంలో ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా బాగా బలహీనపడుతుంది. రోగికి వాపు తగ్గి, నొప్పి పోయి, 'నాకేమైందిలే' అనిపించే రోజులూ సరిగ్గా అవే. అనుభవమున్న ఫిజియో ఈ రోజుల్లోనే కొరడా పట్టుకుంటుంది.

సైకిలు మీద కోపం లేని లిగమెంటు ఇది. 1998లో వెర్మాంట్ విశ్వవిద్యాలయంవాళ్లు బతికున్న మనుషుల మోకాలి లోపల కొలిచి చూశారు. పెడల్ తొక్కేటప్పుడు ఈ లిగమెంటు మీద పడే సాగు సగటున 1.7 శాతమే. వేగం పెంచినా, బరువు పెంచినా ఆ లెక్కలో పెద్ద తేడా రాలేదు. ప్రమాదమంతా పడడంలో ఉంది, దిగడంలో ఉంది, కంకర మీద కాలు ఆనించి మెలితిప్పడంలో ఉంది.

రాజమండ్రిలో ఒక ఫిజియో మేడమ్ పని చూశాను. మోకాలు 105, 110 డిగ్రీలు మడిస్తే గాని పెడల్ పూర్తి చుట్టు తిరగదు. ఆవిడ ఆ చుట్టు కోసం తొందరపడరు. ముందు కాలు పూర్తిగా చాపించడం మీదే దృష్టి. మడమ కింద తువ్వాలు పెట్టి, మోకాలి వెనక భాగం మంచానికి ఆనేదాకా వదలరు. తర్వాత స్టాండు వేసిన సైకిలు మీద పెడల్‌ని సగం ముందుకి, సగం వెనక్కి ఊపిస్తారు. మొదటి పూర్తి చుట్టు ముందుకి రాదు, వెనక్కి వస్తుంది! వెనక్కి తిప్పడం సులువు. ఆ చుట్టు పడ్డ నిమిషాన తొడ కండరం మీద రెండు వేళ్లు ఆనించి, అది నిజంగా పని చేస్తోందా లేక తుంటి ఎత్తి దొంగతనం చేస్తోందా అన్నది కళ్లు మూసుకుని చెప్పేస్తారు. వీణ మీద తీగ ఎక్కడ అపశ్రుతి పలికిందో పట్టే చెవి ఎలాంటిదో, ఆ వేళ్లూ అలాంటివే.

మర్నాటి పొద్దున మోకాలు ఏం చెబుతుందో అదే ఆవిడ తీర్పు. వాచినా, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా నిన్న తొక్కింది ఎక్కువైనట్టే. ముందు దూరం, తర్వాత వేగం, అన్నిటికన్నా చివర ఎత్తు. ఈ వరసను ఎవరి కోసమూ మార్చరు.

రెండో గురువు కాలువ పక్కన రేకుల షెడ్డులో ఉండే పెద్దాయన. చక్రం బెండు తీసేటప్పుడు పుల్లలని గోటితో మీటి, శబ్దం బట్టి ఏది వదులో చెబుతారు. ఒకసారి ఆపరేషనైన ఒక మాస్టారు వచ్చి కొత్త సీటు అడిగారు. పెద్దాయన సీటు ముట్టుకోలేదు. "కొంచెం దూరం తొక్కి చూపించండి మాస్టారూ" అని వెనక నిలబడి చూశారు. "కుడి మడమ బయటికి తిరుగుతోందండీ. సీటు బానే ఉందండీ, పెడలే దగ్గరైపోయింది" అంటూ పెడల్‌కీ క్రాంకుకీ మధ్య ఒక వాషరు వేసి ఇచ్చారు. మాస్టారు ఒక రౌండు కొట్టి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఎంత ఖరీదైన షోరూమ్‌లో దొరుకుతుందీ చూపు?

ఆయన దగ్గర నేర్చుకున్నవి ఇంకా ఉన్నాయి. నొప్పి చిప్ప ముందు వస్తే సీటు కిందికి ఉన్నట్టు, మోకాలి వెనక లాగితే పైకి ఉన్నట్టు. ఒకే గేరు బండి అయితే వెనక ఫ్రీవీలు 18 పళ్లది తీసి 22 పళ్లది వేయాలి. కాలు నిమిషానికి ఎనభై, తొంభై చుట్లు తేలిగ్గా తిరగాలి తప్ప బరువు నూకకూడదు. మొదటి రోజుల్లో మగవాళ్లైనా లేడీస్ సైకిలే తీసుకోవాలి. అడ్డ బారు లేకపోతే కాలు వెనక నుంచి తిప్పి ఎక్కే పని ఉండదు, ఆపినప్పుడు మంచి కాలే నేలకి ఆనుతుంది. ఈ సలహా ఇస్తే మీసాలు ముడిచేవాళ్లని చూశాను. వాళ్లే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కారు.

ఈ విద్యకి గోదావరి డెల్టా కంటే మంచి నేల ఉందని నేను ఒప్పుకోను. కాటన్ దొర 1852లో ఆనకట్ట ముగించాక పారిన కాలువలన్నిటికీ గట్లు వచ్చాయి. గట్టు అంటే చదును, చెట్ల నీడ, దారి తప్పని తోవ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా బ్యారేజీ నాలుగు చేతుల మీదుగా తొక్కితే తూర్పు నుంచి పడమరకి వచ్చేస్తారు. మోకాలు ఒప్పుకుంటే కడియం నర్సరీల దాకా, తర్వాత రావులపాలెం, ఆ తర్వాత అమలాపురం. ఇక్కడ ఎత్తు ఎక్కాలంటే వంతెనే దిక్కు. యానాం–ఎదుర్లంక, చించినాడ, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన: మూడూ నాకు పరీక్ష హాళ్లే. మనకి కొండ లేని లోటు గాలి తీరుస్తుంది. పొద్దున్నే సముద్రం వైపు వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలిని వీపున పెట్టుకుని తిరిగి రావాలి. అలసిన మోకాలికి ఎదురుగాలి ఇచ్చేవాడు తెలివితక్కువవాడు. మారేడుమిల్లి ఘాటు మాత్రం అన్నీ అయ్యాకే, రెండు తొడల బలం ఇంచుమించు సమానమైందని ఫిజియో కొలిచి చెప్పాకే.

ఇంత విద్య మన కళ్ల ముందే చచ్చిపోతోంది. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. రేకుల షెడ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వాటి చోట గాజు తలుపుల దుకాణాలు, వాటిలో ఇరవై ఒక్క గేర్లని బోర్డు పెట్టిన ఇనప గుదిబండలు! షాకబ్జర్లు చూపుకే, గేరు వేస్తే పడదు, పొడుగాటి మనిషికి సీటు లేవదు. అమ్మే కుర్రాడికి పెడల్ మీద మడమ పెట్టించి సీటు ఎత్తు చూడడం రాదు. ఆపరేషనైన మోకాలిని ఆ బండి ఎక్కించడం పాపం. 1951లో మొదలైన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడితే మన ఊళ్లలో ఎందరికి గుండె కలుక్కుమంది?

వైద్యంలోనూ నకిలీ అంతే ఉంది. పది రోజులు కరెంటు పెట్టి, వేడి కాపడం పట్టి, డబ్బు తీసుకుని పంపేయడాన్ని ఫిజియోథెరపీ అంటున్నారు. తొడ మీద చెయ్యి వేసి చూసేవాళ్లు లేరు. మెడికల్ షాపులో దొరికే సాగే పట్టీ తొడిగేసి, ఫోన్‌లో ఎవరో చేసిన వ్యాయామం చూసి, మూడో నెలలోనే గుంపుతో కలిసి వంద కిలోమీటర్లు బయల్దేరే కుర్రాళ్లని చూస్తే నాకు ఏడుపొస్తుంది. మెలితిరిగే ఆటలకైతే తొమ్మిది నెలలైనా ఆగమని పరిశోధకులు చెబుతుంటే, వీళ్లకి పండక్కి ఊరెళ్లేంత తొందర.

అందుకే అడుగుతున్నాను. ఫిజియోథెరపీ చదివే పిల్లల్ని ఏడాదికి ఒక నెల ఆ రేకుల షెడ్లలో కూర్చోబెట్టండి. పెద్దాయన పక్కన ఒక కుర్రాడిని పనికి పెట్టి, జీతం ఊరి సైకిల్ క్లబ్బులే ఇవ్వండి. కాలువ గట్ల మీద ఇసుక లారీలని ఆపండి. ఉదయం ఐదు నుంచి ఎనిమిది దాకా చాలు, ధవళేశ్వరం నుంచి కనీసం కడియం వరకూ గట్టుని సైకిళ్లకి వదలండి. ఇరిగేషన్ శాఖ తలచుకుంటే దీనికి కొత్త రోడ్డు అక్కర్లేదు. రెండు చోట్ల అడ్డుకర్ర, దాన్ని ఎత్తి దించడానికి ఒక మనిషి ఉంటే సరిపోతుంది.