కాలవగట్టు మీద తప్పిపోయిన కుమారుడు

1965లో బాబ్ డిలాన్ పాడిన ‘హైవే 61 రీవిజిటెడ్’లో అబ్రాహాము కొడుకును బలి ఇవ్వాల్సిన చోటు మోరీయా కొండ కాదు, ఒక అమెరికా రహదారి. డిలాన్ పుట్టిన డులూత్ మీదుగా సాగే రోడ్డే అది. పాత నిబంధన కథను ఆయన తన ఊరి దారిలోకి తెచ్చుకున్నాడు. తెలుగునాట ఆ పనిని తంబురా, గుమ్మెటలతో చేసే కళ బుర్రకథ. కోస్తా చర్చిల ఆవరణల్లో బైబిలు గాథలు ఎన్నో దాని గొంతులో పలికాయి.

గోదావరి డెల్టాలో ఇందుకు నేల ముందే పదునైంది. 1836లో ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేశారు. పురుషోత్తమ చౌదరి వంటి కవులు క్రైస్తవ కీర్తనలను మన రాగతాళాల్లో కట్టారు. ‘క్రీస్తు చరిత్ర’ రాసిన జాషువా యువకుడిగా రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, మాటలు చెప్పే కొలువు చేశారు; అదీ జనం ముందు కథ చెప్పే పనే.

బుర్రకథ బలమంతా ముగ్గురి పని విభజనలో ఉంది. మధ్యన కథకుడు తంబురా మీటుతూ, వేళ్లకున్న అందెలు మోగిస్తూ, అడుగు వేస్తూ కథ నడుపుతాడు. పక్కనున్న వంతల్లో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ పాత కాలంలో సాగుతుంటే, వీళ్లు మధ్యలో అడ్డుతగిలి దాన్ని ఇవాళ్టికి లాగుతారు. బుర్రకథకుడు నాజర్ పల్నాటి యుద్ధం చెప్పిన నోటితోనే బెంగాల్ కరువునూ చెప్పగలిగారంటే ఆ వెసులుబాటు వల్లే.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ ఈ పద్ధతికి అతికినట్టు సరిపోతుంది. చిన్నకొడుకు ఆస్తిలో వాటా అడగ్గానే ‘‘తండ్రి కళ్లెదుటే పంపకాలేంటన్నా?’’ అని వంత నిలదీస్తే చాలు, అరెకరం కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లన్నీ ఉలిక్కిపడతాయి. వాటా తీసుకుని వాడు దూరదేశం వెళ్లాడనగానే కోనసీమలో తట్టేది గల్ఫే. అయితే అక్కడికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఇంటి అప్పు తీర్చడానికి వెళ్తారు; ఈ కుర్రాడు ఇంటి సొమ్ము తగలేయడానికి వెళ్లాడు. రాజకీయం చెప్పే వంతకు ఈ తేడా ఒక్కటే బోలెడంత సరుకు.

అసలు ఘట్టం, అంతా పోగొట్టుకుని తిరిగొస్తున్న కొడుకును చూసి తండ్రి తీసే పరుగు. పదిమంది పెద్దమనిషిగా చూసే ఆసామి పంచె ఎగగట్టి, ఊరంతా చూస్తుండగా కాలవగట్టు మీద పరిగెత్తడం ఎంత పరువు వదులుకోవడమో పల్లెవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. గుమ్మెటల దరువు ఇక్కడ జోరందుకుంటుంది. వస్త్రం, ఉంగరం, చెప్పులు, విందు వరసగా వస్తాయి. పొలం నుంచి వస్తున్న పెద్దకొడుకు చెవిన ఆ వాద్యాల చప్పుడే పడుతుంది. తమ్ముడి కోసం విందా అని అతను అలిగి గుమ్మం బయట నిలబడిపోతాడు. చివరికి లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు. అక్కడ కథకుడు ఆగి ఆ ప్రశ్నను జనానికే వదిలేయవచ్చు. ఒక్క గొంతుతో సాగే ప్రసంగంలో పెద్దకొడుకు తరఫున వాదించేవాడు ఉండడు. బుర్రకథలో ఆ వాదన వినిపించడానికి వంత ఉన్నాడు. అందుకే క్రిస్మస్ పందిట్లో రికార్డు పాటలతో సరిపెట్టే సంఘాలు ఒక రాత్రయినా బుర్రకథ దళానికి వేదిక ఇవ్వాలి.