కర్ర గుణం తెలిశాకే కుర్చీ

వానాకాలం రాగానే తలుపు బిగుసుకుపోవడం తెలుగునాట ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే. భుజంతో నెడితే గానీ రాదు. మళ్ళీ ఎండలు ముదిరేసరికి అదే తలుపు వదులై రెక్కల మధ్య నుంచి వెలుగు కనిపిస్తుంది. చేసినవాణ్ణి తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు అది అతని తప్పు కాదు. చెట్టు నరికి ఎన్నేళ్ళయినా కర్ర గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూ ఉంటుంది. పీలిస్తే ఉబ్బుతుంది, వదిలితే కుంచించుకుపోతుంది. సొంత చేతులతో ఒక బల్ల, ఒక స్టూలు చేసుకోవాలని ముచ్చటపడేవాళ్ళు ఈమధ్య పెరిగారు. వాళ్ళలో చాలామంది మొదట కొనేది కరెంటు రంపం. మొదట తెలుసుకోవలసింది మాత్రం ఈ కదలిక. వడ్రంగంలో మనం మెచ్చుకునే అతుకులూ చట్రాలూ చీలలూ చాలావరకు దీనికి జవాబుగా పుట్టినవే.

పచ్చి కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల లోపలి ఖాళీల్లో కొంత, కణాల గోడల్లో కొంత. ఖాళీల్లోని నీరు ఆరిపోతున్నంతసేపూ కర్ర బరువు తగ్గుతుందే గానీ కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడలు ఎండడం మొదలవుతుంది. అక్కడి నుంచే కర్ర కుంచించుకుంటుంది. పొడవులో తేడా దాదాపు ఉండదు. వెడల్పులోనే అంతా. అందులోనూ వలయాల వెంబడి తగ్గేది, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి ఇంచుమించు రెట్టింపు. ఈ రెండింటి తేడా వల్లనే చదునుగా కోసిన పలక నాలుగు నెలల తర్వాత దోనెలా వంగి కనిపిస్తుంది. దుంగ మధ్యగుండా కోసిన పలక, వలయాలు నిలువుగా ఉండేది, అంతగా వంగదు. కోతమిల్లుకు వెళ్ళినప్పుడు పలక రంగు చూసి మురిసిపోకుండా, దాని కొసను తిప్పి వలయాలు ఎటు పోతున్నాయో చూడాలి.

టేకుకు మన నేలలో అంత పేరు ఊరికే రాలేదు. పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి అది తగ్గేది ఐదారు శాతం, నడిమి నుంచి బెరడు వైపు రెండు మూడు శాతం. కలపల్లో ఇది చాలా తక్కువ. పైగా చేవలో, అంటే నడిమి ముదురు కర్రలో, సహజమైన నూనె ఉంటుంది కాబట్టి చెదకూ నీటికీ ఓర్చుకుంటుంది. గోదావరి అడవుల టేకు ఒకప్పుడు తెప్పలుగా నది మీద దిగువకు వచ్చేది, కోరంగిలో ఓడలయ్యేది. అయితే ఇప్పుడు పొలం గట్ల మీద పెంచి చిన్న వయసులోనే నరుకుతున్న టేకులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. టేకు అన్న పేరు చూసి తెల్లచెక్క కొంటే పురుగు పట్టడం ఖాయం.

టేకు ఒక్కటే కర్ర కాదు. బండి చక్రాలకు, నాగళ్ళకు మన పల్లెల్లో నల్లతుమ్మను వాడారు, దెబ్బకు తట్టుకుంటుంది గనుక. కొండపల్లి బొమ్మకు తేలికైన తెల్లపొణికి, ఏటికొప్పాకలో తరిమెన మీద నున్నగా తిరిగే అంకుడు. ఏ పనికి ఏ చెట్టో తేల్చుకోవడమే సగం వడ్రంగం. కొత్తగా నేర్చుకునేవారికి వేప మంచిది. సులువుగా దొరుకుతుంది, పురుగును అంతగా రానివ్వదు. కాకపోతే నార అటూ ఇటూ మెలితిరిగి ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు ఓపిక కావాలి. మామిడి చవక, కోతకు మెత్తన, పురుగుకు ఇష్టం. అలవాటు పడేదాకా దాని మీద కోసి పాడుచేసినా బాధ ఉండదు.

నా మట్టుకు నాకు అన్నిటికన్నా నచ్చేది పాత ఇళ్ళు పడగొట్టిన చోట దొరికే దూలాలు, వాసాలు, ద్వారబంధాలు. ఏళ్ళ తరబడి ఎండి కుదుటపడిన కర్ర అది. కొనే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. లోపల విరిగి మిగిలిపోయిన మేకు ఒక్కటి తగిలినా రంపం పళ్ళు పోతాయి. పచ్చి పలకలే దొరికితే నీడలో, నేలకు ఎత్తుగా, వరసకూ వరసకూ మధ్య సన్నటి బద్దలు పెట్టి పేర్చి నెలల తరబడి ఆరనివ్వాలి. కొసల నుంచి నీరు తొందరగా పోయి పగుళ్ళు వస్తాయి కాబట్టి అక్కడ రంగో మైనమో పూయాలి.

ఇక పనిముట్లు. ఒక రంపం, చిత్రిక పట్టే తోపడ ఒకటి, మూడు వెడల్పుల ఉలులు, కొయ్య సుత్తి, మూలమట్టం, బరమా, నూరుకునే రాయి. స్టూలు చేయడానికి ఇవి చాలు. బాడిస చేతిలో ఉంటే బాగానే ఉంటుంది గానీ దానికి అనుభవం కావాలి. కొత్తవాళ్ళు కాళ్ళకు దెబ్బ తగిలించుకుంటారు.

వీటిలో నూరుకునే రాయిని ఎవరూ లెక్కచేయరు. నేనైతే దాన్నే మొదట కొనమంటాను. కొత్త ఉలి దుకాణం నుంచి పదునుగా రాదు. ముందు దాని వెనక భాగం రాయి మీద అద్దంలా చదును కావాలి. తరువాత వాలు భాగాన్ని 25 నుంచి 30 డిగ్రీల కోణంలో, చేయి ఊగకుండా రుద్దాలి. అంచు అవతల వేలికి సన్నటి గరుకు తగిలిందంటే ఇనుము అంచుదాకా అరిగినట్టు. అప్పుడు రెండు వైపులా మెల్లగా రుద్ది ఆ గరుకు తీసేయాలి. పదునైన ఉలి కర్ర కొసను నలిపేయదు, నిగారింపుగా కోస్తుంది. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన చోటే జారుతుంది. చేతి పనిముట్లతో దెబ్బలు తగలడానికి మొద్దు అంచు ఒక ముఖ్య కారణం. ఉలి ఎంత పదునుదైనా సరే, రెండు చేతులూ ఎప్పుడూ దాని అంచుకు వెనకే ఉండాలి. టేకులో ఇసుక వంటి సిలికా ఉంటుంది కాబట్టి దాని మీద పనిచేస్తే మధ్యమధ్యలో లేచి నూరుకోక తప్పదు.

తోపడ పట్టేటప్పుడు కర్ర పక్క భాగం చూస్తే నార ఎటు ఎక్కుతోందో తెలుస్తుంది. ఆ దిశగా తోస్తే పొట్టు చుట్టలు చుట్టుకుంటూ పైకి వస్తుంది. ఎదురు తోస్తే కర్ర చిరిగి గుంటలు పడతాయి. అప్పుడు చేయవలసింది కర్రను తిప్పి పెట్టుకోవడమే. బలం పెంచితే గుంటలు ఇంకా లోతవుతాయి.

కుర్చీ నిలిచేదీ కూలేదీ అతుకు దగ్గరే. కర్ర కొసకు జిగురు సరిగా పట్టదు. మేకు కొడితే కొన్నాళ్ళకు వదులవుతుంది. అందుకే ఒక ముక్క కొసను సన్నగా చెక్కి కుసి చేసి, రెండో ముక్కలో తొలిచిన బెజ్జంలోకి దించే పద్ధతి ఇన్ని తరాలుగా చెక్కుచెదరలేదు. కుసి మందం ముక్క మందంలో మూడో వంతు ఉండాలి. ముందు బెజ్జం తొలవాలి, ఆ తరువాతే కుసి కోయాలి. బెజ్జం వెడల్పును ఉలి వెడల్పే నిర్ణయిస్తుంది, కుసిని మాత్రం కొంచెం కొంచెంగా తగ్గించి సరిపెట్టుకోవచ్చు. గీత పెన్సిలుతో కాదు, చాకు మొనతో పెట్టాలి. పెన్సిలు గీతకే ఒక మందం ఉంటుంది, చాకు గాటులో ఉలి అంచు తానే వచ్చి కూర్చుంటుంది. కుసి చేతి ఒత్తిడితో దిగాలి. సుత్తితో బాదితేనే దిగుతుందంటే బెజ్జం పగులుతుంది, దానంతట అదే జారిపోతుందంటే జిగురు నిలబెట్టలేదు.

పాత మేస్త్రులు దీనికి కొయ్య చీల కూడా వేసేవారు. కుసిలోని రంధ్రాన్ని బెజ్జం వైపు రంధ్రం కన్నా ఒక మిల్లీమీటరు భుజం వైపుకు, అంటే కుసి మొదలయ్యే చోటు వైపుకు, జరిపి వేస్తే, చీల దిగేకొద్దీ అతుకు తానే బిగుసుకుంటుంది. జిగురు లేకపోయినా విడిపోదు. బిగించాక మూలమట్టాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా చట్రం కర్ణాలు రెండూ కొలవాలి. సమానంగా ఉంటేనే మూలలు సరిగ్గా వచ్చినట్టు.

ఇప్పుడు మళ్ళీ తలుపు దగ్గరకు వెళదాం. పాత ఇళ్ళలో చాలా తలుపులు ఒకే పలకతో కాకుండా, చట్రం కట్టి లోపల పలకలు దూర్చి చేసి ఉంటాయి. ఆ పలకకు జిగురు పెట్టరు. చుట్టూ ఉన్న గాడిలో దానికి కాస్త చోటు వదులుతారు. వానాకాలంలో అది ఉబ్బినా గాడిలోనే సర్దుకుంటుంది, చట్రాన్ని నెట్టదు. బల్ల పై పలకకూ ఇదే సూత్రం. నాలుగు వైపులా జిగురుతోనో మరలతోనో కదలకుండా బిగిస్తే ఒక్క వేసవిలో నిలువునా చీలుతుంది. కింది బద్దల్లో మరకు గుండ్రటి రంధ్రం బదులు పొడవాటిది తొలిస్తే పలక తన దారిన కదులుతుంది, బల్ల మాత్రం గట్టిగా ఉంటుంది.

ప్లైవుడ్‌లో ఈ గొడవ అంతగా ఉండదు. పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కాబట్టి కదలిక బాగా తగ్గుతుంది. అలమర్లకు, వంటింటి అరలకు అది ఉపయోగమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ పొర విడిపోయిన ప్లైవుడ్‌ను బాగుచేయడం కష్టం. కుసి వేసిన కుర్చీ కాలు విరిగితే కాలొక్కటే మార్చుకోవచ్చు. ఈ ఒక్క కారణం చాలు, పాత పద్ధతి నేర్చుకోవడానికి.

మెరుగు విషయానికి వస్తే, స్పిరిట్‌లో కరిగించిన లక్క పలుచగా, పలుమార్లు గుడ్డతో పట్టించడం కొత్తవారికి సులువు. గీత పడితే మళ్ళీ అక్కడే పట్టించవచ్చు. వేడి గ్లాసు పెట్టే బల్లకు మాత్రం అది పనికిరాదు. రంధ్రాలు వేసేటప్పుడూ ఉప్పుకాగితం రుద్దేటప్పుడూ ముక్కుకు మాస్కు కట్టుకోండి, కర్ర ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

మొదటి పనిగా నాలుగు కాళ్ళ స్టూలు ఎంచుకోండి. కాళ్ళు నిటారుగా, ఏటవాలు లేకుండా, కాలుకూ కాలుకూ మధ్య ఒక్కో అడ్డకర్ర. అసలు కర్ర మీద చేయి పెట్టడానికి ముందు చవక ముక్కల మీద కుసి, బెజ్జం కోసి సాధన చేయండి. కొన్ని ఐటీఐల్లో వడ్రంగం కోర్సు ఉంది, వీలైనవాళ్ళు చేరవచ్చు. అంతకన్నా ముందు మీ వీధిలోనో మీ ఊళ్ళోనో చేతి తోపడతో పనిచేసే మేస్త్రి ఎవరైనా ఇంకా ఉన్నారేమో కనుక్కోండి. వారానికి ఒక పూట ఆయన పక్కన కూర్చుని ఉలి నూరడం నేర్పమని అడగండి, ఆ సమయానికి తగిన కూలి చేతిలో పెట్టండి.